డ్యూటీలో గాయపడిన హోంగార్డుకు మన లిల్లాహ్ సొమ్ము
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



జమాఖర్చులు కార్యదర్శి గారు చదివారు. వితంతువుల పింఛన్లు, పెళ్ళి సాయం, పిల్లల ఫీజులు, రంజాన్ రేషన్ కిట్లు. వీటి మీద ఎవరూ ప్రశ్న వేయలేదు. ప్రశ్న వచ్చింది ఒక్క పద్దు మీదే: "డ్యూటీలో గాయపడిన పోలీసు, హోంగార్డు కుటుంబాలకు సాయం". మొత్తం చూస్తే చిన్నదే. కానీ ఏడాది పొడవునా మసీదు మెట్ల మీదా, టీ కొట్ల దగ్గరా మమ్మల్ని ఆపి అడిగింది దీని గురించే. కొందరు మెచ్చుకున్నారు. కొందరు "పోలీసోళ్ళకి మన డబ్బులేంటి భాయ్?" అని ముఖం మీదే అడిగారు. ఇచ్చినవాళ్ళకు అడిగే హక్కుంది. అందుకే కార్యవర్గానికి ఇచ్చిన సమయమంతా ఈ ఒక్క విషయానికే వాడుకుంటున్నాం.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. బయట నిలబడ్డవాడి ఒంటి మీద ఖాకీ చూసి మనం అందరినీ పోలీసే అంటాం. ఆ ఖాకీలో రెండు రకాల మనుషులున్నారు. ఒకరు కానిస్టేబులు మొదలు పైదాకా ప్రభుత్వ ఉద్యోగులు. రెండోవాళ్ళు హోంగార్డులు.

కానిస్టేబులుకు డ్యూటీలో కాలు విరిగిందనుకోండి. విధి నిర్వహణలో గాయపడ్డవారికి ప్రత్యేక వైకల్య సెలవు అని సర్వీసు నిబంధనల్లో ఉంది, గరిష్ఠంగా 24 నెలల దాకా. సిబ్బంది నెలనెలా జీతంలోంచి చందా కట్టి నడుపుకునే ఆరోగ్య భద్రత పథకం ఉంది. కాలు పూర్తిగా పనికిరాకుండా పోయినా ఉద్యోగంలోంచి తీసేయకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. తగిన వేరే పని చూపించాలి, అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా అదే జీతం మీద ఉంచాలి. ఇవన్నీ సకాలంలో అందుతాయా అంటే, ఫైలు కదలడం ఎంత కష్టమో మీకు మేము చెప్పక్కర్లేదు. ఆలస్యమైతే అవుతుంది గానీ అతనికంటూ ఒక ఫైలు ఉంది.

హోంగార్డుకు ఆ ఫైలు లేదు. 1946 డిసెంబరు 6న బొంబాయిలో హోంగార్డుల దళం మొదలైనప్పుడు అది స్వచ్ఛంద సేవ. అల్లర్లప్పుడు, ఆపదలప్పుడు ఊళ్ళో మంచివాళ్ళు ముందుకొచ్చి పోలీసులకు సాయపడడం. ఇప్పుడు ట్రాఫిక్ నుంచి రాత్రి గస్తీ దాకా ఏ స్టేషన్‌ కూడా హోంగార్డు లేకుండా నడవదు. (గస్తీ అన్న మాట కూడా పారశీకం నుంచి మన ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిందే. ఠాణా, జవాను, హవల్దారు, జమేదారు కూడా మనవాళ్ళు వాడుతూ వచ్చిన మాటలే.) పని మారింది గానీ కాగితం మీద అతను ఇంకా స్వచ్ఛంద సేవకుడే. అతనికి వచ్చేది జీతం కాదు, డ్యూటీ అలవెన్సు. మన రాష్ట్రంలో 2019లో దాన్ని రోజుకు 710 రూపాయలు చేశారు. తెలంగాణలో 2025 జనవరి నుంచి వెయ్యి ఇస్తున్నారు. 2015లో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వీళ్ళను రెగ్యులర్ చేయమనలేదు. కానీ నెల మొత్తం పని చేస్తే కానిస్టేబులు కనీస వేతనమంత వచ్చేలా అలవెన్సు ఉండాలని చెప్పింది. ఆ మేరకు కొన్ని రాష్ట్రాల్లో పెరిగింది. మంచిదే.

అయితే అలవెన్సు పెరిగినా దాని స్వభావం మారలేదు. డ్యూటీ చేస్తేనే డబ్బు. నెలలో ఇచ్చే కొద్దిపాటి సెలవులు పోగా, రాని రోజుకు ఏమీ రాదు. రోజుకు 710 అంటే నెలకు 21,300. నాలుగు నెలలు మంచం మీద ఉంటే 85,200 రూపాయలు ఆ ఇంటికి రాకుండా పోతాయి. ఇది మందుల ఖర్చు కాదు, ఆసుపత్రి ఖర్చు కాదు. అవి దీని మీద అదనం.

అసలు ఏ సాయమూ లేదని మేము అనడం లేదు. బ్యాంకుల ప్రమాద బీమా ఉంటుంది, ఎక్స్‌గ్రేషియా ఉంటుంది. తోటి హోంగార్డులు ఒక రోజు అలవెన్సు పోగుచేసి ఇచ్చే మంచి ఆచారం చాలా జిల్లాల్లో ఉంది. ఎస్పీ గారు చెక్కు అందిస్తున్న ఫొటో మీరూ పేపర్లో చూసే ఉంటారు. కానీ గమనించండి, అది ఎక్కువగా మనిషి పోయినప్పుడో, రిటైరైనప్పుడో. బీమా కూడా చాలామటుకు ప్రాణం పోతేనో, అవయవం శాశ్వతంగా పోతేనో నోరు తెరుస్తుంది. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుగుతుంది. 1959లో లడఖ్ హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయిన పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్ల జ్ఞాపకంగా మొదలైంది. కేంద్రం 2017లో పెట్టిన 'భారత్ కే వీర్' నిధి కూడా కేంద్ర బలగాల్లో అమరులైన వారి కుటుంబాల కోసమే. చనిపోయినవారికి సెల్యూట్ ఉంది, ఉండాలి కూడా. చావకుండా కాలు విరిగి, ఆరు నెలలకు లేచి నడుస్తానన్నవాడు మాత్రం ఏ జాబితాలోకీ రాడు. మన పద్దు ఈ మనిషి కోసం.

ఇప్పుడు రెండు ఇళ్ళ సంగతి చెబుతాం. పేర్లు చెప్పం. ఈ సంచికలో దాతల పేర్లు అచ్చవుతాయి గానీ సాయం పొందినవారి పేర్లు అచ్చు కావు, అది మన సంఘం పాత నియమం.

మొదటి ఆయన మన జమాత్ మనిషే. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి చెక్‌పోస్టు దగ్గర బ్యారికేడ్లు జరుపుతుంటే వెనక్కి వచ్చిన లారీ తగిలి తొడ ఎముక విరిగింది. రెండో ఆయన హిందూ సోదరుడు. రంజాన్ చివరి పది రోజులు, తరావీహ్ అయ్యాక మన బజారులో ఎంత రద్దీ ఉంటుందో తెలుసు కదా. చీరల కొట్లు, అత్తరు బండ్లు, హలీం బట్టీలు, పిల్లలు, బురఖాల్లో ఆడవాళ్ళు. ఆ రద్దీలో వన్‌వే నిలబెట్టడానికి ఆయన్ని వేశారు. ఎదురుగా ముగ్గురెక్కి వస్తున్న మోటార్ సైకిల్‌ను ఆపబోతే అది ఆగలేదు. మోకాలి కింద రెండు ఎముకలు విరిగాయి, మణికట్టు విరిగింది. బండి నడిపిన పిల్లవాడికి లైసెన్సు లేదు, బండికి ఇన్సూరెన్సు లేదు. పిల్లవాడు మన వీధివాడే.

ఇద్దరూ వారం తేడాలో ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల వార్డులో చేరారు. నాలుగు మంచాల ఎడం. కార్డుల మీద ఆపరేషన్లు అయ్యాయి. ఆరోగ్యశ్రీ అనండి, ఇప్పుడు పేరు మార్చిన ఎన్టీఆర్ వైద్య సేవ అనండి, అందులో రాడ్డు వేసే దాకా బాగానే జరుగుతుంది. ఇంటికి పంపాక మొదలవుతుంది అసలు ఖర్చు. కట్లు మార్పించడానికి ఆటో, అదీ కాలు చాపుకుని కూర్చోవాలి కాబట్టి ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు. కింద కూర్చోలేడు కాబట్టి కమోడ్ కుర్చీ. పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి కాబట్టి భార్య కూలి కూడా పోతుంది. ఇంటద్దె ఆగదు. డ్వాక్రా వాయిదా ఆగదు, ఆగితే గ్రూపులో తక్కిన తొమ్మిది మంది ఇంటి ముందుకు వస్తారు. డ్యూటీకి వెళ్ళడానికి కొన్న బండికి ఫైనాన్సు వాయిదా ఉంటుంది, ఆ బండి ఇప్పుడు గోడకు ఆనించి ఉంటుంది.

మొదటి ఆయన విషయంలో మాకు చిక్కేమీ రాలేదు. అతని పేర నిసాబ్ అంత ఆస్తి లేదు, అంటే 612 గ్రాముల చిల్లర వెండి విలువ చేసే మిగులు లేదు. అప్పు ఉంది. సూరా తౌబా 60వ ఆయతులో జకాత్ హక్కుదారులు ఎనిమిది రకాలని చెప్పారు, అందులో పేదలూ ఉన్నారు, అప్పులో మునిగినవారూ ఉన్నారు. ముఫ్తీ సాబ్‌ను అడిగాం, ఇవ్వవచ్చన్నారు. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి, అతని సొంతానికి చేరాలి కాబట్టి నగదు అతని చేతికే ఇచ్చాం. ఆసుపత్రిలో చేరిన మూడో రోజుకే మొదటి నెల డబ్బు అందింది. నెలకు 12,000 చొప్పున నాలుగు నెలలు.

రెండో ఆయనకు అలా ఇవ్వలేం. జకాత్ ముస్లిం పేదలకే చెందుతుందని ఉలమాలో అత్యధికుల మాట, మన సంఘం మొదటి నుంచీ ఆ మాట మీదే నడుస్తోంది. వేరే అభిప్రాయాలున్నాయని మాకూ తెలుసు. మీరు జకాత్ అని చెప్పి ఇచ్చిన డబ్బుతో మేము కొత్త ప్రయోగాలు చేయలేం, అది అమానత్. ఇక మిగిలింది లిల్లాహ్ ఖాతా. అంటే నఫిల్ సదఖా, ఎవరికైనా ఇవ్వగలిగిన సొమ్ము. ఆ రోజు ఆ ఖాతాలో ఉన్నది పదివేలకు లోపు. అందులోంచే ఒక అనాథ శవానికి అంత్యక్రియలు, ఒక విద్యార్థికి హాల్ టిక్కెట్ ఫీజు బాకీ ఉన్నాయి.

అదే వార్డు, అదే పని, అదే ఖాకీ. ఒకరికి మూడో రోజున అందింది. రెండో ఆయనకు పండగ వెళ్ళాక, ఇరవై నాలుగో రోజున అందింది, అదీ కార్యవర్గంలోని నలుగురు చేతి నుంచి వేసుకుంటే. ఈలోగా ఆయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి పసుపుతాడు వేసుకుంది. మా మహిళా విభాగం అక్క వెళ్ళినప్పుడు ఆమె అడిగిన మాట ఇది: "ఇవి మీ పండగ డబ్బులంట కదక్కా, మేము తీసుకోవచ్చా? మీకేమీ తప్పు కాదుగా?" తప్పు కాదమ్మా, ఇది వేరే ఖాతా అని అక్క చెప్పింది. ఖాతాల సంగతి ఆమెకెందుకు, మనకు కావాలి.

మన సంఘం ఆదాయంలో దాదాపు అంతా రంజాన్ నెలలో వచ్చే జకాతే. జకాత్ ఫర్జ్ కాబట్టి లెక్కకట్టి రెండున్నర శాతం తీసి ఇస్తాం, అల్హందులిల్లాహ్. లిల్లాహ్ అనేది గుర్తొస్తే ఇచ్చేది అయిపోయింది. ఒకప్పుడు ఖుర్బానీ తోళ్ళ డబ్బు మదరసాలకూ, సంఘాలకూ ఆసరాగా ఉండేది. ఇప్పుడు తోలు ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్ళేవాడు లేడు. కనుక పొరుగువాడు ముస్లిం కాకపోతే అతనికి ఇవ్వాలని మనసున్నా చేతిలో సొమ్ముండదు. ఇవ్వకూడదని దీన్ చెప్పలేదు. మతం విషయంలో మనతో పోరాడని, మనల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టని వారితో మంచిగా, న్యాయంగా ఉండడాన్ని అల్లాహ్ వారించలేదని సూరా ముమ్తహినా ఎనిమిదో ఆయతు చెబుతోంది. హజ్రత్ ఉమర్ (రజి) గుడ్డివాడైన ఒక ముసలి యూదుడు బిచ్చమెత్తడం చూసి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి, తర్వాత అతనికీ అతని వంటివారికీ బైతుల్ మాల్ నుంచి ఏర్పాటు చేయించిన సంగతి ఇమాం అబూ యూసుఫ్ కితాబుల్ ఖరాజ్‌లో రాశారు. రాత్రిళ్ళు మదీనా వీధుల్లో స్వయంగా గస్తీ తిరిగిన ఖలీఫా ఆయన.

ఇక రెండో ప్రశ్న. మతం సరే, పోలీసు కదా?

ఈ ప్రశ్న అడిగినవారిని మేము తప్పుపట్టం. 2007 మే 18న మక్కా మసీదులో జుమా రోజు బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఆ పేలుడు తర్వాత పట్టుకెళ్ళిన ముస్లిం యువకుల్లో చాలామంది నెలల తరబడి జైల్లో ఉండి చివరికి కోర్టులో నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ పోయిన కాలం ఎవరిస్తారు? ఈ సభలోనే స్టేషన్లో మాట పడ్డవాళ్ళు ఉన్నారు. ఆ బాధను పక్కన పెట్టమని మేము అడగం. దానికి కోర్టులున్నాయి, కమిషన్లున్నాయి, వకీళ్ళున్నారు, ఆ పోరాటానికీ మన సంఘం చేతనైనంత సాయం చేసింది, చేస్తుంది.

కానీ మంచం మీద ఉన్న ఈ మనిషి ఆ నిర్ణయాలు చేసినవాడు కాదు. ఖాకీ నిచ్చెనలో అందరికంటే కింది మెట్టు హోంగార్డుది. తుపాకీ పేల్చమని చెప్పే అధికారమూ లేదు, ఎఫ్ఐఆర్ రాసే అధికారమూ లేదు. ఎండలో చెయ్యి చాపి నిలబడే పని. మన ఈద్గాలో వేలమంది ఒకేసారి సజ్దాలోకి వెళ్ళినప్పుడు రోడ్డు మీద బస్సు ఆపి నిలబడేది అతనే. మన పిల్లలు కూడా ఆ ఉద్యోగంలో ఉన్నారన్నది వేరే విషయం.

మూడో మాట ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి అడగలేదు గానీ మేమే చెబుతున్నాం. పోలీసులకు సాయం చేస్తే స్టేషన్లో మనకు కాస్త పరపతి ఉంటుందన్న ఆశతో ఒకరిద్దరు మెచ్చుకున్నారు. అలాంటి మెచ్చుకోలు మాకొద్దు. ఈ పద్దు స్టేషన్ కోసం కాదు. స్టేషన్‌కు కుర్చీలు, కెమెరాలు, బ్యారికేడ్ల మీద మన సంఘం పేరు, ఇవేవీ ఇందులోంచి ఇవ్వం. అధికారి చేతుల మీదుగా చెక్కు ఇప్పించి ఫొటో దిగం. ప్రభుత్వ ఉద్యోగులు బయటివారి నుంచి కానుకలు తీసుకోవడానికి 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో కట్టుబాట్లున్నాయి, అవి ఉండడం మంచిదే. అందుకని రెగ్యులర్ కానిస్టేబులు విషయంలో పై అధికారికి రాతపూర్వకంగా తెలిపి, అనుమతి వచ్చాకే, ఆసుపత్రి బిల్లు మేరకు నేరుగా ఆసుపత్రికే కడతాం. హోంగార్డు ఇంటి ఖర్చుకు ఇచ్చేదైతే భార్య ఖాతాలో వేస్తాం. ఆ ఇంటివాళ్ళతో ఆ తర్వాత మన పని మీద ఎవరూ మాట్లాడకూడదు, కార్యవర్గ సభ్యులతో సహా.

ఈ నియమం ఎంత అవసరమో రంజాన్ రాత్రి జరిగినదాన్ని బట్టే తెలిసింది. బండి నడిపిన పిల్లవాడి తరఫున పెద్దలు మా దగ్గరికి వచ్చారు. పెద్ద మనుషులే, ఏటా మంచి చందా ఇచ్చేవారే. "ఎలాగూ మీరు సాయం ఇస్తున్నారు కదా, ఆ డబ్బు ఇచ్చేటప్పుడే కేసు రాజీ అయిపోయినట్టు ఒక సంతకం పెట్టించండి, పిల్లవాడి చదువు పాడవుతుంది" అన్నారు. పిల్లవాడి భవిష్యత్తు గురించి వాళ్ళ దిగులు అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒక చేత్తో డబ్బు, ఇంకో చేత్తో రాజీ కాగితం పట్టుకుని ఆ గుమ్మంలోకి ఎలా వెళ్తాం? అప్పుడు అది సదఖా అవదు, బేరం అవుతుంది. కుదరదన్నాం. పైగా ఆయనకు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో నష్టపరిహారం అడిగే హక్కు ఉంది, దానికి చట్టంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. బండికి ఇన్సూరెన్సు లేదు కాబట్టి ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. మేము సాయం చేస్తున్నామన్న మొహమాటంతో ఆయన గడువు దాటబెట్టుకుంటే, ఇచ్చిన 48,000తో ఆయన నోరు మనమే కట్టేసినట్టు అవుతుంది. మా వకీలు సాబ్ ఫీజు లేకుండా దరఖాస్తు వేయించారు. అది మన పిల్లవాడి తండ్రి మీదే. ఆ కుటుంబం ఈ ఏడాది చందా ఇవ్వలేదు. ఇవ్వాలని అడగడానికి మేమూ వెళ్ళలేదు. పిల్లవాడి తండ్రిని మాత్రం ఆసుపత్రికి వెళ్ళి ఆ మనిషిని చూసి రమ్మన్నాం. వెళ్ళొచ్చారు.

అమ్మానాన్నలకు ఇక్కడే ఒక మాట. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టప్రకారం తప్పనిసరి. ఏడాదికి అయ్యే ఖర్చు పండగకు పిల్లవాడికి కొనే బట్టలంత కూడా ఉండదు.

సాయం ఎలా జరుగుతుందో కొత్త దాతల కోసం క్లుప్తంగా. కబురు అందిన వారం లోపు ఇద్దరు వెళ్తారు, ఒకరు మహిళా విభాగం నుంచి. ఇంటి ఖర్చు ఎంతో భార్యతో కూర్చుని లెక్క వేస్తారు, ఎందుకంటే ఆ లెక్క భర్తకు తెలియదు. కాగితాల పని కూడా మనమే చూస్తాం, నిజానికి డబ్బు కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతోంది. ఆ పూట అతన్ని డ్యూటీలో వేసినట్టు స్టేషన్ జనరల్ డైరీలో ఎంట్రీ ఉందా, దాని నకలు తీసుకున్నారా? ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్ చేతికి వచ్చాయా? ఇవి మొదటి వారంలో తీసుకోకపోతే తర్వాత ఎవరూ వెతికి ఇవ్వరు. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే కూడా తీవ్రంగా గాయపడ్డవారికి 50,000 రూపాయలు ఇచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది, చాలామందికి తెలియదు. వైకల్యం మిగిలిపోతే సదరం సర్టిఫికెట్‌కు స్లాటు బుక్ చేయించడం, దాని మీద పింఛను దరఖాస్తు. ఇవన్నీ తిరిగేది మన యువజన విభాగం పిల్లలు. వారిలో ఇద్దరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఇప్పుడు వార్డు సచివాలయంలో వారిని అందరూ గుర్తుపడతారు.

వేరే దేశాల్లో ఇలాంటివి ఉన్నాయా అని ఒక దాత అడిగారు. ఉన్నాయి. లండన్ షెపర్డ్స్ బుష్ ప్రాంతంలో 1966 ఆగస్టులో ముగ్గురు పోలీసులను కాల్చి చంపినప్పుడు జనం ఇచ్చిన విరాళాలతోనే అక్కడ పోలీసు కుటుంబాల ట్రస్టు పుట్టింది. కొద్ది వారాల్లోనే పది లక్షల పౌండ్లు దాటాయి. డ్యూటీలో గాయపడ్డవారిని కూడా అది చూస్తుంది. మనది దాని ముందు చాలా చిన్న పని. మనకు పది లక్షల పౌండ్లు అక్కర్లేదు.

కావలసింది ఇది. మూడు వందల మంది దాతలు నెలకు వంద రూపాయలు లిల్లాహ్‌గా ఇస్తే నెలకు 30,000, ఏడాదికి 3,60,000. ఇంటికి నెలకు 12,000 చొప్పున నాలుగు నెలలు ఇస్తే ఒక ఇంటికి 48,000. అంటే ఏడాదికి ఏడు ఇళ్ళు, చిల్లర మందులకు మిగులుతుంది. మన ఊళ్ళో, చుట్టుపక్కల మండలాల్లో ఏడాదికి ఏడుగురు హోంగార్డులకు కాళ్ళు విరగకూడదనే దువా చేద్దాం. విరగకపోతే ఆ డబ్బు గాయపడిన పారిశుధ్య కార్మికులకు, కరెంటు స్తంభం మీద నుంచి పడ్డ కాంట్రాక్టు హెల్పర్లకు పోతుంది. వాళ్ళ పరిస్థితీ అచ్చం ఇదే, పని చేసిన రోజుకే కూలి. దాని మీద తీర్మానం మీ ముందుంది.

ఒక చిన్న ఇబ్బంది, ఇది దాతలే తీర్చగలరు. మన రసీదు పుస్తకాల్లో పచ్చ రసీదు జకాత్‌కు, తెల్ల రసీదు లిల్లాహ్‌కు అని మీకు తెలుసు. ఇప్పుడు సగం మంది ఫోన్‌లో క్యూఆర్ కోడ్ కొట్టి పంపిస్తున్నారు. డబ్బు వస్తుంది, అది ఏ డబ్బో రాదు. ఫోన్ చేసి అడిగితే కొందరు ఎత్తరు. ఏదో తెలియనప్పుడు జాగ్రత్త కోసం మేము దాన్ని జకాత్ కింద జమ వేస్తున్నాం. అలా మీరు లిల్లాహ్ అనుకుని పంపింది కూడా జకాత్ ఖాతాలోకి వెళ్ళిపోతోంది, ఆ హిందూ సోదరుడి వంటివారికి అందకుండా పోతోంది. దయచేసి పంపేటప్పుడు కింద ఉన్న నోట్ గడిలో 'లిల్లాహ్' అనో 'జకాత్' అనో ఒక్క మాట రాయండి. ఆదాయపు పన్ను రాయితీ కోరేవారు రెండు వేలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వవద్దు, దానికి రాయితీ రాదు.

మొదటి ఆయన లేచి నడుస్తున్నారు, డ్యూటీకి వెళ్తున్నారు. రెండో ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. పై అధికారులు కనికరించి కూర్చునే పని ఇచ్చారు, కాబట్టి అలవెన్సు మళ్ళీ మొదలైంది. ట్రిబ్యునల్లో కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. కాలిలో రాడ్డు తీసే ఆపరేషన్ మిగిలి ఉంది. వచ్చే షాబాన్‌లో చేయిద్దామని డాక్టరు గారు అన్నారు. ఆ ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాలు మళ్ళీ ఇంట్లోనే, అంటే మళ్ళీ అలవెన్సు లేదు. ఈసారి ఆయనకు కూడా మూడో రోజునే అందించాలని కార్యవర్గం నిర్ణయించింది. నెలన్నరకు 18,000 కావాలి. నిన్నటికి లిల్లాహ్ ఖాతాలో ఉన్నది 6,400 రూపాయలు.

తెల్ల రసీదు పుస్తకాలు మూడు, బయట భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాం. మహిళల వైపు ఒకటి ఉంది.